బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని బ్యాక్టీరియాకు ఎవరు చెబుతారు?

మా నల్లగొండ దిక్కు బోరు వేసినప్పుడు ఊళ్లో అడిగే మొదటి మాట, "ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డయి?" రెండో మాట, "తాగనీకి పనికొస్తయా?" మొదటిదానికి జవాబు కళ్ల ముందే ఎగజిమ్ముతూ ఉంటుంది. రెండోదానికి అంత సులువుగా జవాబు దొరకదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో ఎందరో పళ్లకు గార పట్టాక, నడుములు వంగాక గానీ తాము తాగుతున్నదేమిటో తెలుసుకోలేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకె తెలియాలంటే మనం సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపాలి.

చాలా రకాల బ్యాక్టీరియాకు ఆ ల్యాబ్ ఒంట్లోనే ఉంది. ఫ్లోరైడ్ లోపలికి చేరగానే వాటికి తెలిసిపోతుంది, తగిన ఏర్పాటు కూడా మొదలవుతుంది. కన్నూ ముక్కూ లేని జీవిలో దాన్ని పసిగట్టేది ఒక ఆర్ఎన్ఏ ముక్క. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రోనాల్డ్ బ్రేకర్ బృందం 2012లో ఈ సంగతి బయటపెట్టింది.

ఆర్ఎన్ఏ అనే మాట మన ఇళ్లలోకి కోవిడ్ రోజుల్లో ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్ల పేరుతో వచ్చింది. 2024 అక్టోబరులో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు మైక్రోఆర్ఎన్ఏ మీద నోబెల్ బహుమతి వచ్చాక మళ్లీ పేపర్లకెక్కింది. దాంతో గందరగోళం కూడా పెరిగింది. "సార్, చిన్న ఆర్ఎన్ఏ అన్నా మైక్రోఆర్ఎన్ఏ అన్నా ఒకటేనా? బ్యాక్టీరియాలో ఉండేది కూడా వ్యాక్సిన్‌లో ఉండేదేనా?" అని డిగ్రీ చదివే పిల్లలు అడుగుతుంటారు. ఒకటి కాదు. కానీ ఆ తేడాలు తెలియాలంటే కొంచెం కిందినుంచి మొదలుపెట్టాలి.

## అసలు రికార్డు, నకలు, చేతికొచ్చే సరుకు

పాత రోజుల్లో భూమి పహాణీ కావాలంటే తహసీల్దార్ ఆఫీసుకు పోయేవాళ్లం. అసలు రిజిస్టర్ బీరువా దాటేది కాదు, మన చేతికి నకలు ఇచ్చేవాళ్లు. బ్యాంకులో లోను పని అయినా ఇంకేదైనా ఆ నకలుతోనే. కణంలో డీఎన్ఏ అసలు రిజిస్టర్. అందులో ఒక్కో ప్రోటీన్‌కు సంబంధించిన పేజీని జన్యువు అనుకుందాం. ఆ పేజీకి తీసే నకలు ఎంఆర్ఎన్ఏ. నకలు చదివి ప్రోటీన్ తయారు చేసే యంత్రం రైబోజోమ్. ఎంజైములు, గోడలోని ద్వారాలు, విషాన్ని విరగ్గొట్టే పనిముట్లు, ఇలా కణంలో పనిచేసేవాటిలో ఎక్కువ భాగం ప్రోటీన్లే.

మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా డీఎన్ఏలో దాదాపు 46 లక్షల అక్షరాలు, సుమారు 4,300 ప్రోటీన్ జన్యువులు ఉంటాయి. అన్నీ ఒకేసారి పనిచేస్తే కణం తిండిలేక చస్తుంది. ఏది ఎప్పుడు తెరవాలి, ఏది ఎంతలో ఆపాలి అనేదే జన్యు నియంత్రణ. ఆపడానికి చాలా చోట్లున్నాయి. నకలు తీయకుండా ఆపొచ్చు, తీస్తుండగా మధ్యలో ఆపొచ్చు, తీసిన నకలును చదవనీయకుండా ఆపొచ్చు, నకలునే చించేయొచ్చు.

ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మొనో 1961లో జన్యు నియంత్రణ గురించి రాసిన ప్రసిద్ధ పత్రంలో, జన్యువును మూసిపెట్టే పదార్థం బహుశా ఆర్ఎన్ఏ కావచ్చని ఊహించారు. ఐదేళ్ల తర్వాత, 1966లో వాళ్లు వెతికిన పదార్థం చేతికి చిక్కింది. తీరా చూస్తే అది ప్రోటీన్. ఇక అప్పటినుంచి పెత్తనం ప్రోటీన్లదే, ఆర్ఎన్ఏ మోసుకుపోయే కూలి మాత్రమే అన్న భావన చాలాకాలం స్థిరపడింది. వాళ్ల ఊహ వాళ్లు చూసిన పాలచక్కెర జన్యువుల విషయంలో తప్పింది. వేరేచోట్ల అది నిజమని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

## ప్రోటీన్‌గా మారని నకళ్లు

కొన్ని నకళ్లను రైబోజోమ్ చదవదు. అవి ఆర్ఎన్ఏగానే పుట్టి, ఆర్ఎన్ఏగానే పనిచేసి, ఆర్ఎన్ఏగానే పోతాయి. వీటిని నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు అంటారు. ప్రోటీన్ రాత లేనివని అర్థం. బ్యాక్టీరియాలో వీటి పొడవు ఎక్కువగా 50 నుంచి 400 అక్షరాల మధ్య ఉంటుంది. ఒక మామూలు ఎంఆర్ఎన్ఏ వెయ్యి అక్షరాలు దాటుతుంది కాబట్టి వీటికి చిన్న ఆర్ఎన్ఏలు అని పేరు.

వీటిలో 6ఎస్ ఆర్ఎన్ఏ అనేదాన్ని 1967లోనే చూశారు. కణంలో దండిగా ఉంది, కానీ ఏం చేస్తుందో తెలియలేదు. తిండి తగ్గి ఎదుగుదల ఆగినప్పుడు నకలు తీసే యంత్రాన్నే పట్టుకుని అదుపు చేస్తుందని 2000లో తేలింది. ముప్పై మూడేళ్లు కళ్ల ముందే పని చేసుకుంటూ పోయింది పాపం.

ఈలోగా 1984లో మసయోరి ఇనౌయె బృందం ఈ.కోలైలో మిక్ఎఫ్ అనే 93 అక్షరాల ఆర్ఎన్ఏను పట్టుకుంది. కణం పైపొరలో ఒక రకం రంధ్రాలను తయారుచేసే జన్యువు వేరేచోట ఉంటుంది. ఇది పోయి ఆ జన్యువు నకలుకు అతుక్కుని చదవనీయకుండా చేస్తుంది. నోబెల్ తెచ్చిన మైక్రోఆర్ఎన్ఏ పురుగులో కనపడింది 1993లో. అంటే ఒక ఆర్ఎన్ఏ ఇంకో ఆర్ఎన్ఏను అతుక్కుని ఆపడమనే సంగతి బ్యాక్టీరియాలో తొమ్మిదేళ్ల ముందే తెలుసు. అయితే రెంటి తయారీ వేరు. మైక్రోఆర్ఎన్ఏలు 22 అక్షరాల పొట్టివి. పొడవాటి ఆర్ఎన్ఏ నుంచి వాటిని డైసర్ అనే ఎంజైము కత్తిరించి తీస్తుంది, ఆర్గోనాట్ అనే ప్రోటీన్ మోస్తుంది. బ్యాక్టీరియా చిన్న ఆర్ఎన్ఏల పనికి ఈ డైసర్ పద్ధతి లేదు. పోలిక పనిలోనే, పుట్టుకలో కాదు.

## అతుక్కోవడం అంటే ఏమిటి: ఆరు అక్షరాల లెక్క

ఆర్ఎన్ఏకు నాలుగే అక్షరాలు: ఏ, యూ, జీ, సీ. ఏ ఎదురుగా యూ, జీ ఎదురుగా సీ వస్తే జత కుదురుతుంది. రైబోజోమ్ నకలు మీద ఎక్కడ కూర్చోవాలో చెప్పే గుర్తు ఒకటుంటుంది. చదవడం మొదలయ్యే చోటుకు కాస్త ముందు ఉండే ఈ గుర్తు చాలా బ్యాక్టీరియాల్లో ఇలా ఉంటుంది:

ఏ – జీ – జీ – ఏ – జీ – జీ

దీనికి ఎదురుగా వచ్చే చిన్న ఆర్ఎన్ఏలో ఈ వరుస ఉందనుకోండి:

యూ – సీ – సీ – యూ – సీ – సీ

రెండూ జిప్పులాగ మూసుకుంటాయి. రైబోజోమ్ వచ్చి చూస్తే కూర్చునే చోటు ఖాళీగా ఉండదు. నకలు ఉంది, చదివేవాడు ఉన్నాడు, పని మాత్రం జరగదు. ఇలా చదవకుండా పడి ఉన్న నకలును ఆర్ఎన్ఏను నరికే ఎంజైములు వచ్చి ముక్కలు చేస్తాయి.

నిజం కణంలో జత ఇంత పొందికగా కుదరదు. అక్కడక్కడ అక్షరాలు కలవవు, మధ్యలో ఉబ్బులుంటాయి. ఈ.కోలై లాంటి చాలా బ్యాక్టీరియాల్లో హెచ్ఎఫ్‌క్యూ అనే ఉంగరం ఆకారపు ప్రోటీన్ రెండింటినీ దగ్గరకు చేర్చి పెళ్లిళ్ల పేరయ్యలాగ సంబంధం కుదురుస్తుంది. తమాషా ఏమిటంటే దీన్ని 1968లో కనిపెట్టినప్పుడు బ్యాక్టీరియా కోసం వెతకలేదు. బ్యాక్టీరియాకు పట్టే ఒక వైరస్ పెరగడానికి ఏం కావాలా అని వెతికితే దొరికింది.

అతుక్కోవడమంటే ప్రతిసారీ ఆపడమే అనుకోకూడదు. డీఎస్ఆర్ఏ అనే చిన్న ఆర్ఎన్ఏ దీనికి తలకిందులు. కష్టకాలంలో అవసరమయ్యే ఒక ప్రోటీన్ నకలు తనంతట తానే ముడుచుకుని రైబోజోమ్ చోటును దాచుకుంటుంది. డీఎస్ఆర్ఏ వచ్చి ఆ మడతలో ఒక వైపును పట్టి లాగుతుంది. ముడి విడిపోయి చోటు బయటపడుతుంది, చదవడం మొదలవుతుంది.

## ఇనుము కరువైతే: ఒక పూర్తి ఉదాహరణ

యాసంగిలో బోరు వట్టిపోతే పాలమూరు రైతు ఏం చేస్తాడు? రెండెకరాల వరిలో ఒక ఎకరం ఎండబెట్టి, ఉన్న నీళ్లతో రెండో ఎకరం దక్కించుకుంటాడు. ఈ.కోలై ఇనుము విషయంలో చేసేది అచ్చం ఇదే. దానికి వాడే చిన్న ఆర్ఎన్ఏ పేరు ఆర్‌వైహెచ్‌బీ, పొడవు 90 అక్షరాలు. 2002లో ఎరిక్ మాసే, సుసాన్ గాట్స్‌మన్ దాని పని వివరించారు.

కణంలో ఇనుము సరిపడా ఉన్నప్పుడు ఫర్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టుకుని, ఆర్‌వైహెచ్‌బీ జన్యువు మీద కూర్చుని దాన్ని మూసి ఉంచుతుంది. ఇనుము తగ్గితే ఫర్ చేతిలో ఇనుము ఉండదు, పట్టు వదిలేస్తుంది. ఆర్‌వైహెచ్‌బీ నకళ్లు వెంటవెంటనే పుడతాయి. అవి పోయి ఇనుము తినే ప్రోటీన్ల ఎంఆర్ఎన్ఏలకు అతుక్కుంటాయి, వాటితోపాటే నాశనమవుతాయి. ఇక ఆ ప్రోటీన్లు కొత్తగా తయారు కావు. ఉన్న కాస్త ఇనుము అది లేకపోతే బతకలేని ప్రోటీన్లకు మిగులుతుంది. ఇందులో నాకు బాగా నచ్చే వివరం ఒకటుంది. ప్రాణవాయువు వల్ల పుట్టే విషాన్ని విరగ్గొట్టడానికి ఈ.కోలై దగ్గర ఒకే రకం ఎంజైమ్‌కు ఇనుముతో నడిచేది ఒకటి, మాంగనీస్‌తో నడిచేది ఒకటి ఉన్నాయి. ఆర్‌వైహెచ్‌బీ ఆపేది ఇనుముదాన్ని. మాంగనీస్‌ది నడుస్తూనే ఉంటుంది.

"అతుక్కుంటాయి, వాటితోపాటే నాశనమవుతాయి" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అసలు కిటుకు అక్కడుంది. అర్థం కావడానికి ఊహించిన అంకెలతో లెక్క వేద్దాం. ఒక జన్యువు నిమిషానికి 10 ఎంఆర్ఎన్ఏలు తీస్తోందనుకుందాం.

చిన్న ఆర్ఎన్ఏలు నిమిషానికి 4 పుడితే, ఒకటికొకటి జతపడి నాలుగు జతలు పోతాయి. చదవడానికి 6 నకళ్లు మిగులుతాయి.

9 పుడితే 1 మిగులుతుంది.

12 పుడితే ఏమీ మిగలదు, పైగా 2 చిన్న ఆర్ఎన్ఏలు ఖాళీగా తిరుగుతుంటాయి. ఇప్పుడు పొరపాటున ఇంకో రెండు ఎంఆర్ఎన్ఏలు పుట్టినా వాటినీ పట్టేస్తాయి.

కాబట్టి ఇక్కడ ఒక గీత ఉంది. గీతకు అటువైపు పూర్తి మూత, ఇటువైపు ఎంత ఎక్కువుంటే అంత పని. మళ్లీ మళ్లీ వాడుకునే ప్రోటీన్ అడ్డంకితో ఇలాంటి గట్టి గీత సులభంగా రాదు. కాలిఫోర్నియా పరిశోధకులు 2007లో ఆర్‌వైహెచ్‌బీతోపాటు ఇంకో చిన్న ఆర్ఎన్ఏ మీద కొలతలు తీసి ఈ లెక్క కణంలో కూడా నిలుస్తుందని చూపించారు.

## ఇప్పుడు ఫ్లోరైడ్ సంగతి

ముందే ఒక గీత గీసుకోవాలి. ఫ్లోరైడ్‌ను పసిగట్టేది పైన చెప్పినట్టు విడిగా తిరిగే చిన్న ఆర్ఎన్ఏ కాదు. అది ఎంఆర్ఎన్ఏకే మొదట్లో ఉండే, ప్రోటీన్ రాత లేని తోక. దీన్ని రైబోస్విచ్ అంటారు, ఆర్ఎన్ఏతో చేసిన స్విచ్ అన్నమాట. పుస్తకాల్లో రెంటినీ ఒకే అధ్యాయంలో పెడతారు కాబట్టి విద్యార్థులు కలిపేస్తుంటారు. చిన్న ఆర్ఎన్ఏ ఇంకో నకలు మీద పెత్తనం చేస్తుంది. రైబోస్విచ్ పెత్తనం తన నకలు మీద తనకే. మొదటి రైబోస్విచ్‌లు 2002లో బయటపడ్డాయి, అవి విటమిన్ల లాంటి పదార్థాలను గుర్తించేవి.

బ్యాక్టీరియాకు ఫ్లోరైడ్‌తో పేచీ ఏమిటి? పుల్లటి వాతావరణంలో ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి విద్యుదావేశం లేని అణువు అవుతుంది, కణం పొర దాటి లోపలికి జారిపోతుంది. లోపల అంత పులుపు ఉండదు కాబట్టి మళ్లీ విడిపోతుంది. విడిపోయిన ఫ్లోరైడ్ పొర దాటి బయటికి రాలేదు. ఎలుక బోనులో పడ్డట్టే. అలా పోగుపడి చక్కెరను శక్తిగా మార్చే దారిలోని ఎనోలేజ్ లాంటి ఎంజైములను కట్టిపడేస్తుంది.

బయటికి పంపాలంటే తూము కావాలి. ఆ తూము ప్రోటీన్ జన్యువుకు పాత పేరు సీఆర్‌సీబీ. ఆ పేరు కర్పూరం వల్ల వచ్చింది. ఈ జన్యువు ఎక్కువ మోతాదులో ఉంటే ఈ.కోలై కర్పూరాన్ని తట్టుకుంటుందని 1990లలో గమనించి అలా పెట్టారు. అసలు పని ఫ్లోరైడ్‌ను బయటికి పంపడమని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ ప్రోటీన్‌ను ఫ్లూక్ అంటున్నారు. కణం లోపల ఋణావేశం ఉంటుంది, ఫ్లోరైడ్‌ది కూడా ఋణావేశమే. కాబట్టి చెరువు తూము ఎత్తినట్టు దారి ఇస్తే చాలు, అదే బయటికి పోతుంది.

చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో నీరటికాడు చూసుకుంటాడు. ఇక్కడ నీరటికాడు ఆ జన్యువు నకలే. నకలు మొదటి కొన్ని పదుల అక్షరాలు బయటికి రాగానే ఒక ఆకారంలోకి మడుచుకుంటాయి. ఫ్లోరైడ్ లేకపోతే ఆ మడత నిలవదు. తర్వాత వచ్చే అక్షరాలు ఇంకో రకంగా ముడిపడి "ఇక ఆపు" అనే గుర్తు అవుతాయి, నకలు తీసే యంత్రం అక్కడే జారిపోతుంది. ఫ్లోరైడ్ వచ్చి మడత మధ్యలో కూర్చుంటే మొదటి ఆకారం గట్టిపడుతుంది. ఆపు గుర్తు ఏర్పడదు, యంత్రం ముందుకు సాగి తూము జన్యువు నకలును పూర్తి చేస్తుంది.

ఆర్ఎన్ఏది ఋణావేశం, ఫ్లోరైడ్‌దీ ఋణావేశం. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకోవాలి కదా? 2012లోనే వచ్చిన స్ఫటిక చిత్రాలు ఈ చిక్కు విప్పాయి. ఆర్ఎన్ఏ ముందుగా మూడు మెగ్నీషియం అయాన్లను పట్టుకుంటుంది. వాటిది ధనావేశం. ఆ మూడింటి నడుమ గూట్లో ఫ్లోరైడ్ కూర్చుంటుంది. ఆ గూడు ఎంత చిన్నదంటే ఫ్లోరైడ్‌కు అన్నదమ్ముడి లాంటి క్లోరైడ్ అందులో పట్టదు. ఉప్పునీళ్లను చూసి ఈ స్విచ్ మోసపోదు.

మోతాదు లెక్క కూడా చూద్దాం. టెస్టుట్యూబులో చేసిన కొలతల ప్రకారం ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన ఈ ఆర్ఎన్ఏల్లో సగం ఫ్లోరైడ్‌ను పట్టుకోవడానికి లీటరుకు సుమారు 60 మైక్రోమోల్‌లు చాలు (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత, దాన్ని పరమాణు భారంతో గుణిస్తే గ్రాముల్లో బరువు వస్తుంది). ఫ్లోరిన్ పరమాణు భారం 19. 60ని 19తో గుణిస్తే 1,140 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు 1.1 మిల్లీగ్రాములకు కొంచెం పైన. మన తాగునీటి గీతలు 1, 1.5 అని మొదట్లో చెప్పుకున్నాం. అంకెలు దగ్గరగా ఉన్నాయని ఇందులో దేవరహస్యం వెతకనక్కర్లేదు. మన గీత ఎముకలను, పళ్లను చూసి పెట్టింది, ఆర్ఎన్ఏ గీత ఎంజైములను చూసి ఏర్పడింది. పైగా టెస్టుట్యూబులో మెగ్నీషియం మోతాదు వేరు, కణంలో వేరు. అయినా మర్రిగూడ బోరు పక్కన కూర్చుని ఈ గుణకారం చేస్తే ఒళ్లు కాస్త జలదరిస్తుంది, నిజం చెప్పాలంటే.

ఇక్కడే చాలామంది అడిగే ప్రశ్న: అలాంటి బ్యాక్టీరియాను ట్యాంకులో వేస్తే నీళ్లు శుభ్రమవుతాయా? కావు. తూములోంచి బయటికి పోయిన ఫ్లోరైడ్ మళ్లీ ఆ నీళ్లలోకే వస్తుంది. బ్యాక్టీరియా తన ఇల్లు ఊడ్చి చెత్త వీధిలో పోస్తోంది, ఆ వీధి మన గ్లాసు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన, ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అని పిలిచే పద్ధతి వేరు. పటిక, సున్నం కలిపితే ఏర్పడే మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. అది పూర్తిగా రసాయనం పని. ఈ స్విచ్, తూము మన శరీరంలో ఆదుకుంటాయా అంటే, అదీ లేదు. ఈ రైబోస్విచ్‌లు దొరికింది బ్యాక్టీరియాలో, ఆర్కియా అనే ఇంకో తెగ సూక్ష్మజీవుల్లో.

## ప్రోటీన్ ఉండగా ఆర్ఎన్ఏ ఎందుకు?

దీనిమీద శాస్త్రవేత్తల్లో రెండు వాదాలు వినిపిస్తాయి.

వేగం, ఖర్చు అనేది ఒకటి. ఈ.కోలైలో నకలు తీసే యంత్రం సెకనుకు సుమారు 45 అక్షరాలు రాస్తుంది. 90 అక్షరాల ఆర్‌వైహెచ్‌బీకి రెండు సెకన్లు చాలు. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే పూసల దండ, ఒక్కో పూసకు నకలులో మూడు అక్షరాలు. అదే 300 అమైనో ఆమ్లాల ప్రోటీన్ కావాలంటే 900 అక్షరాల నకలు తీయాలి, దానికే ఇరవై సెకన్లు. చదివి ప్రోటీన్‌గా మలచడం, అది మడుచుకుని పనికి రావడం అదనం. ఒక్కో అమైనో ఆమ్లం కలపడానికి కణం శక్తికి రూపాయి బిళ్లల్లాంటి ఏటీపీ అణువులు నాలుగు దాకా ఖర్చు. పైగా పుట్టిన ప్రోటీన్ అంత త్వరగా పోదు, పరిస్థితి మారినా కూర్చునే ఉంటుంది. జతపడి నాశనమయ్యే ఆర్ఎన్ఏ తొందరగా ఖాళీ చేస్తుంది.

రెండో వాదం ఈ లెక్కను సగమే ఒప్పుకుంటుంది. ఈ.కోలైలో పాలచక్కెర జన్యువులను మూసే ప్రోటీన్ కణానికి పది అణువుల దాకా ఉంటే చాలు, అవే పదేపదే పనికొస్తాయి. చిన్న ఆర్ఎన్ఏ ఒకసారి వాడి పారేసే సరుకు. పది ఎంఆర్ఎన్ఏలు ఆపాలంటే పది కావాలి, ఆగనివ్వకుండా పుడుతూనే ఉండాలి. ఒక్కోటి చవకే, మొత్తం చవకా అన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది. నాకైతే రెండో వాదంలో బలం కనిపిస్తుంది. కాకపోతే ఇప్పటికే తీసి ఉన్న నకళ్లను ఆపాలంటే జన్యువు మీద కూర్చునే ప్రోటీన్ ఏమీ చేయలేదు. ఆ ఒక్క పనిలో చిన్న ఆర్ఎన్ఏకు సాటి లేదు. నిజానికి ఇవి పోటీదారులు కూడా కావు. పైన చూశాం కదా, ఆర్‌వైహెచ్‌బీని అదుపులో పెట్టేది ఫర్ అనే ప్రోటీనే.

## పేరులోనే తిరకాసు

"నాన్‌కోడింగ్" అన్నాం. కానీ కణంలోకి చక్కెర ఎక్కువగా చేరి ఇబ్బంది పెట్టినప్పుడు ఈ.కోలై వాడే ఎస్‌జీఆర్ఎస్ అనే 227 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ రెండు పనులు చేస్తుంది. ఒకవైపు చక్కెర ద్వారం ఎంఆర్ఎన్ఏకు అతుక్కుని ఆపుతుంది. ఇంకోవైపు తనలోనే 43 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్ రాత ఉంది, ఆ ప్రోటీన్ ఇప్పటికే ఉన్న ద్వారాలను మూస్తుంది. చీముగడ్డలు తెచ్చే స్టఫిలోకాకస్ ఆరియస్‌లో ఆర్ఎన్ఏ-త్రీ అనే 514 అక్షరాలది కూడా ఇంతే. అటు నియంత్రణ, ఇటు 26 అమైనో ఆమ్లాల ఒక విషం. కాబట్టి ఆ పేరును కులం పేరులాగ గట్టిగా పట్టుకోకూడదు, వాడుకలో స్థిరపడిన మాట అనుకోవాలి.

దానికంటే పెద్ద తగాదా సంఖ్య మీద. ఇప్పుడు కణంలోని ఆర్ఎన్ఏ మొత్తాన్ని యంత్రంలో పెట్టి చదివేయొచ్చు. అలా చదివితే డీఎన్ఏలో జన్యువుకు ఎదురుగా ఉండే రెండో పోగు నుంచి, జన్యువుల మధ్య ఖాళీల నుంచి, జన్యువుల తోకల నుంచి లెక్కలేనన్ని చిన్న నకళ్లు కనిపిస్తాయి. అన్నిటికీ పని ఉందా? చాలావరకు యంత్రం తడబడి తీసిన చిత్తు నకళ్లే అని కొందరి మాట. ఈరోజు చిత్తు అనుకున్నది రేపు 6ఎస్‌లాగ పనిమంతురాలని తేలొచ్చని ఇంకొందరి మాట. తీర్పు చెప్పేవి మూడు పరీక్షలు: ఆ ఆర్ఎన్ఏను తీసేస్తే కణంలో తేడా కనపడాలి, జతకట్టే అక్షరాలు చెడగొడితే నియంత్రణ ఆగాలి, రెండో వైపు కూడా అందుకు తగ్గట్టు మారిస్తే మళ్లీ కుదరాలి. ఈ మూడో పరీక్ష దాకా వచ్చి నిలిచినవి, యంత్రం చూపించిన జాబితాతో పోలిస్తే కొద్దే.

## పల్లి చేను కింద ఏం జరుగుతోంది

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల దిక్కు యాసంగి పల్లి చేనులో మొక్క పీకి చూస్తే వేర్లకు చిన్న బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. అందులో బ్రాడీరైజోబియం జాతి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. మొక్క ఆ ఇంటికి ఊరికే చోటివ్వదు, వచ్చింది దొంగో చుట్టమో తేల్చుకోవాలి.

సోయాబీన్ మీద 2019లో వచ్చిన ఒక పరిశోధన ఈ మాటామంతీలో కొత్త సంగతి చెప్పింది. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో జియాన్‌షిన్ మా బృందం చేసిన పని అది. సోయా వేర్లలో చేరే బ్రాడీరైజోబియం తన టీఆర్ఎన్ఏల (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ఆర్ఎన్ఏల) నుంచి ఊడిన చిన్న ముక్కలను మొక్క కణాల్లోకి చేరవేస్తుందని, అవి మొక్క ఆర్గోనాట్ ప్రోటీన్‌నే వాడుకుని బుడిపెలు పెరగకుండా ఆపే మొక్క జన్యువులను నోరు మూయిస్తాయని చూపించారు. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ మొక్క యంత్రంలో కూర్చుని మొక్క జన్యువుల మీదే పెత్తనం చేయడమంటే మామూలు మాట కాదు. అయితే అది సోయాలో చూసినది. పల్లికి యథాతథంగా అంటగట్టకూడదు, పల్లి వేరులోకి బ్యాక్టీరియా దూరే దారి కూడా సోయాకు భిన్నం.

జీవి నుంచి జీవికి ఆర్ఎన్ఏ దాటుతుందన్న మాట ఎక్కడ విన్నా కొంచెం ఆగి చూడాల్సిన కారణం ఉంది. మనం తినే వరి అన్నంలోని మైక్రోఆర్ఎన్ఏ ఒంట్లో చేరి కొలెస్టరాల్‌కు సంబంధించిన జన్యువును ఆపుతుందని 2011లో చైనా పరిశోధకులు ఎలుకల ప్రయోగంతో ప్రకటించారు. పెద్ద సంచలనమైంది. తర్వాత వేరే ల్యాబుల్లో చేస్తే ఆ ఫలితం రాలేదు. సోయా పరిశోధన దానికంటే గట్టి పునాదిమీద ఉంది, ఎందుకంటే బ్యాక్టీరియా, మొక్క కణం ఒకే బుడిపెలో ఒకదానిలో ఒకటి కాపురం చేస్తున్నాయి. అన్నం అరిగి రక్తంలో కలిసే దారి అలాంటిది కాదు.

## స్విచ్‌ను కణం నుంచి విడదీస్తే

ఫ్లోరైడ్ స్విచ్‌కు ఒక పైకథ ఉంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూలియస్ లక్స్ బృందం ఒక బ్యాక్టీరియా నుంచి ఆ స్విచ్‌ను తీసుకుని, తూము జన్యువు స్థానంలో రంగు తెప్పించే ఎంజైము జన్యువును అతికించింది. కణం కూడా లేకుండా, నకలు తీసి చదివే సరంజామా మాత్రమే చిన్న గొట్టంలో ఎండబెట్టి పెట్టారు. అందులో నీటి చుక్క వేస్తే సరంజామా మేల్కొంటుంది. ఫ్లోరైడ్ ఉంటే ఆపు గుర్తు ఏర్పడదు, ఎంజైము పుడుతుంది, నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. లేకపోతే మారవు. దాన్ని కోస్టారికాలో అగ్నిపర్వతం దగ్గరి నీళ్లమీద అక్కడికక్కడే పరీక్షించారు, పనిచేసింది.

వాళ్లు గురి పెట్టుకున్న గీత లీటరుకు 2 మిల్లీగ్రాములు, అది అమెరికా నిబంధనల్లోని ఒక హద్దు. మన హద్దు 1.5. లీటరుకు 1.7 ఉన్న బోరు నీళ్లు ఆ గొట్టంలో వేస్తే పసుపు రాకపోవచ్చు, ఆ నీళ్లు మన లెక్కలో తాగడానికి పనికిరావు. స్విచ్ ఎంత ఫ్లోరైడ్‌కు తెరుచుకోవాలో మార్చాలంటే ఆ మడతలోని అక్షరాలనే ఒకటి అరా మార్చి, మళ్లీ మళ్లీ కొలిచి చూసుకోవాలి. ఊళ్లో అడిగే రెండో ప్రశ్నకు బోరు గట్టుమీదే జవాబు రావాలంటే, 2కూ 1.5కూ మధ్యనున్న ఆ అర మిల్లీగ్రామును దాటాలి.